దిబ్బ చదును చేసిన సత్యానందం

మా ఆయన సత్యానందానికి దేవుడంటే భక్తి, పాస్టరుగారంటే భయం, ఎత్తుపల్లాలంటే ఒళ్లుమంట. మొదటి రెండూ ఆదివారంతో సరి. మూడోది వారమంతా ఉంటుంది.

కోదాడ చర్చిలో మా పెళ్లప్పుడు పాస్టరుగారు ప్రమాణం చెప్పిస్తుంటే ఈయన చూపు నా మీద లేదు, బైబిలు పెట్టిన బల్ల మీద ఉంది. బల్లకు ఒక కాలు పొట్టి. ప్రమాణం మధ్యలో వంగి, జేబులోంచి మా పెళ్లికార్డే తీసి, మడిచి ఆ కాలి కింద దోపాడు. ఆ తర్వాతే నన్ను భార్యగా ఒప్పుకున్నాడు. నేను అప్పుడే లేచి పుట్టింటికి నడవాల్సింది. బడిలో పిల్లలకు తెలుగు చెప్పే మనిషిని, నాకే ఓర్పు లేకపోతే ఎలా అని ఆగిపోయాను.

మాది కోదాడ పక్కన అనంతగిరి. ఆయన పని పొలాలు చదును చేయడం. ట్రాక్టరు వెనక ఇనుప బ్లేడు కట్టుకుని, మిట్ట చెక్కి పల్లంలో పోస్తాడు. వరి మడిలో నీళ్లు అంతటా ఒకే ఎత్తున నిలవాలి, లేకపోతే ఒక మూల పైరు ఎండుతుంది, ఒక మూల మురుగుతుంది. మునగాల, మాడుగులపల్లి, సూర్యాపేట దాకా ఆయన్ను పిలిచేవాళ్లు. మునగాల రైతు భిక్షపతి అందరితో అంటాడు: "సత్యానందం బ్లేడు గుంజిన మడిల నీళ్లు పెడితే, ఎటు పోవాల్నో తెల్వక నీళ్లే పరేషాన్ అయితయ్."

పొలంలో ఉంటే సరే. ఇంట్లోనూ అదే రోగం. దోసె పిండి పెనం మీద ఒక పక్కకు జారితే పిండిని అనడు, పొయ్యి దించి కాళ్లు సరిచేస్తాడు. అప్పటికి దోసె మాడుతుంది. ఎవరింటికన్నా పోతే, ఇచ్చిన మంచినీళ్లలో చారెడు నేల మీద ఒలికించి, అవి ఎటు పారుతాయో చూస్తాడు. "అన్నా, మీ ఇల్లు ఈశాన్యానికి దిగింది" అని చెబుతాడు. ఆ ఇంటివాళ్ల ముఖాలు చూడలేక నేను గోడ మీద క్యాలెండరు చదువుకుంటాను. చాలామంది మమ్మల్ని రెండోసారి పిలవలేదు.

ఆయనకు ఒక చెల్లెలు, ప్రమీల. చెల్లెలనడం మాటవరసకే. మా అత్తగారు చనిపోయేనాటికి ఆ పిల్లకు ఇంకా పాలపళ్లు ఊడలేదు. జడలు వేసింది, బడికి పంపింది, జ్వరమొస్తే కోదాడ దవాఖానకు భుజాన వేసుకుని పరిగెత్తింది అన్నీ ఈయనే. ఆయన వేసిన రెండు జడలూ వెంట్రుకంత తేడా లేకుండా ఒకే ఎత్తున ఉండేవట. నేను కాపురానికి వచ్చేసరికి నాకోసం ఆ ఇంట్లో ఒక మొగుడూ, ఎదిగిన ఒక కూతురూ ఎదురుచూస్తున్నారు.

ఆ పిల్ల నర్సు ట్రైనింగ్‌కని గుంటూరు వెళ్లి, సుధీర్ అనే అబ్బాయిని ఇష్టపడింది. వాళ్లది బాపట్ల అవతల, సముద్రం పక్కన పల్లె. అతను రొయ్యల హేచరీలో పనిచేస్తాడు. పరమ నెమ్మదస్తుడు. ఎవరన్నా అతని కాలు తొక్కితే "మీకు నొప్పి పెట్టలేదు కదండీ" అని అడిగే రకం. పెళ్లయ్యాక ఏళ్ల తరబడి కిరాయి ఇళ్లలో ఉన్నారు. నీళ్లు ఎక్కువ వాడుతున్నారని ఒక ఇంటావిడ, చేపల కూర వాసనని ఇంకో ఇంటావిడ ఖాళీ చేయించారు. చివరికి సుధీర్ వాళ్ల అమ్మ గుడిసె ఉన్న జాగాలోనే, సముద్రానికి ఎదురుగా, రెండు గదుల స్లాబు వేసుకున్నారు. నాది అని చెప్పుకోవడానికి ప్రమీలకు దొరికిన మొదటి గోడలు అవే. గోడకు మేకు కొట్టాలన్నా ముందు ఆ చోటు తడిమి చూసి, పాపం అనుకుని మానేసేది.

మాలో ఆడబిడ్డ ఇల్లు కట్టుకుంటే పుట్టింటివాళ్లు బట్టలు పెట్టి, కలకాలం ఉండే వస్తువొకటి ఇవ్వాలి. బీరువా కొందామన్నాను. ఫ్రిజ్ అన్నాను. ఈయన దేనికీ పలకలేదు. గృహప్రవేశం ప్రార్థన ఇంకా వారం ఉందనగా తెలిసినవాళ్ల లారీలో ట్రాక్టరు, బ్లేడు ఎక్కించుకుని ముందే వెళ్లిపోయాడు. వెళ్లి ఇల్లంతా చూశాడు. నేల మీద నీళ్లు పోశాడు. నీళ్లు కదల్లేదు. మేస్త్రీని మెచ్చుకున్నాడు. అప్పుడు తలెత్తి ఇంటి ముందు చూశాడు.

ఇంటికీ సముద్రానికీ మధ్య ఇసుక దిబ్బ ఉంది. మనిషి నిలబడితే తల మునిగేంత ఎత్తు. దాని నిండా ఊదాపూల తీగ అల్లుకుని ఉంది, ఆ ఊళ్లో బాలబంద తీగ అంటారు. అటూ ఇటూ అందరి ఇళ్ల ముందూ అదే దిబ్బ, ఊరి పొడుగునా.

"గిదేందే, గింత కుప్ప ఇంటి ముందట పెట్టుకొని ఎట్ల ఉంటున్నరు?" అని అడిగాడు.

"ఏం చెప్పాలె అన్నా" అంది ప్రమీల. "ఇంట్ల కూసుంటే సముద్రం సప్పుడు ఇనిపిస్తది గని సముద్రం కానరాదు. గాలొస్తే అన్నంల ఇసుక."

చెల్లెలు అడగడమూ, అన్న చేయలేకపోవడమూ ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. ఈయన ట్రాక్టరుకు దమ్ము చేసే ఇనుప చక్రాలు బిగించాడు.

సుధీర్ చూశాడు. చేతులు నలుపుకున్నాడు. "బావగారూ, అది అలాగే ఉంటే బాగుంటుందేమోనండీ" అన్నాడు.

ఇక్కడే వచ్చింది చిక్కు. మా వైపు వద్దనాలంటే "వద్దు, బంద్ చెయ్" అంటారు. "బాగుంటుందేమోనండీ" అంటే మర్యాదకు మొహమాటపడుతున్నాడని అర్థం, పని మొదలుపెట్టమనే లెక్క. "నాకు తకలీఫ్ ఏం లేదు బావా, నువ్వు డ్యూటీకి పో" అని ఈయన బ్లేడు దించాడు. పెళ్లాం అన్నను అంతకన్నా గట్టిగా ఎలా ఆపుతాడు, సుధీర్ డ్యూటీకి వెళ్లిపోయాడు. ఆపగలిగిన మనిషి సుధీర్ తల్లి ఒక్కతే. ఆమె కంటి ఆపరేషన్‌కని చీరాలలో కూతురి దగ్గర ఉంది.

తీగ పీకేశాడు, కలుపు కింద లెక్క. దిబ్బ తలను చెక్కి ఇంటి వెనక గుంతలో పోశాడు. నేను ప్రార్థన రోజుకు వెళ్లేసరికి ఇంటి వసారా నుంచి అలల దాకా నేల పలకలా పరుచుకుని ఉంది. సముద్రం మొత్తం ఇంట్లోకి కనిపిస్తోంది. వచ్చినవాళ్లంతా వసారాలో నిలబడి ఫోటోలు దిగారు. పాస్టరుగారు కూడా సముద్రం వైపు తిరిగి ప్రార్థన చేశారు. ప్రమీల ఆనందానికి ఏడ్చింది. ఈయన ఒక పక్కన నిలబడి, అంత ఇసుకలో ఎక్కడా ఒక గుంత లేదని చూసుకుంటున్నాడు. బీరువా ఖర్చు మిగిలిందని నేనూ సంతోషించాను.

సాయంత్రం ఆటోలో ప్రమీల అత్తగారు దిగింది. నల్లకళ్లద్దాలు. గుమ్మం ముందుకు వచ్చి, "అమ్మో, ఎంత వెలుగే!" అంది. ఆపరేషన్ బాగా కుదిరిందని డాక్టరును దీవించింది. తర్వాత అద్దాలు తీసింది. మళ్లీ పెట్టుకుంది. మళ్లీ తీసి, ఉన్నచోటనే ఇసుకలో కూలబడింది.

"దిబ్బేదిరా సుధీరూ?"

మా ఆయన ముందుకొచ్చి, "నేనే సాపు చేసిన అత్తమ్మా" అన్నాడు, దండ వేస్తారేమో అన్నట్టు.

ఆమె తిట్టలేదు. "నాయనా, నువ్వు పొలాలు చేసేవాడివి. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు, వినలేదా? నా మొగుడి తాత నాటి దిబ్బ అది. తుఫానొస్తే సముద్రం ఆ ఇసుక తిని కడుపు నింపుకుని పోయేది. ఇప్పుడేం తింటుంది?" అని లోపలికి వెళ్లి పడుకుంది. ముసలామె చాదస్తమని అందరం అనుకున్నాం. కేకు కోశాం.

తుఫాను ఆ ఏడాది చలికాలం మొదట్లో వచ్చింది. పెద్దదేం కాదు, ఎక్కడో పైన తీరం దాటింది. మనుషుల్ని ముందే బడికి తరలించారు కాబట్టి ప్రాణాలకేం కాలేదు. తెల్లారి తిరిగొచ్చి చూస్తే ఊళ్లో దిబ్బలన్నీ ముందువైపు కత్తితో జున్ను కోసినట్టు నిలువుగా కోసుకుపోయి ఉన్నాయి. వాటి వెనక ఇళ్లు పొడిగా ఉన్నాయి. ఒక్క ప్రమీల ఇంటి ముందే సముద్రానికి దారి దొరికింది. పలకలా చదునుగా, ఎక్కడా అడ్డం లేని దారి. వసారా పోయింది. కొబ్బరి మొక్కలు పోయాయి. బోరులో ఉప్పునీళ్లు దిగాయి. ముందు గది పునాది కింద ఇసుక జారిపోయి, ఇల్లు సముద్రం వైపు వంగింది. గోడలు మాత్రం నిలబడ్డాయి.

మేమిద్దరం వెళ్లాం. ప్రమీల గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో చీపురు, కాళ్ల దాకా బురద. అన్నను చూసి ఒకే మాట అంది.

"నువ్వు మళ్ల నా గడప తొక్కకు అన్నా."

ఈయన సరేనన్నట్టు తలూపాడు. కోదాడ బస్సెక్కాం. నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, రెండూ ఎవరి మీదో తెలియలేదు. మంచికి పోతే చెడు ఎదురైందంటారే, అది మా ఇంటి ముందు ఆటో దిగింది.

ఇంకో పెద్ద గాలి ఆ జాగా మీదికి వస్తే ఇల్లు ఉండదు. అది ఆయనకూ తెలుసు. పది రోజులు మంచం మీద పడుకుని పైకప్పు చూశాడు. లేచి, తనకు తెలిసిన పనే చేశాడు. లారీల్లో ఎర్రమట్టి తోలి, చెరువు కట్టలా బాగా తొక్కించి, ఇంటి ముందు అడ్డంగా గట్టు వేశాడు. వరి మడికైతే అది తరతరాలు ఉంటుంది. పున్నమి పోటుకు సముద్రం దాన్ని తినేసింది. రెండు రోజులు అలలు ఎర్రగా వచ్చాయట.

గడప అవతలి నుంచి అత్తగారు కేకేసింది. "నాయనా, మట్టి తింటే అది తిరిగివ్వదు! ఇసుకైతే ఈ కాలంలో తీసుకుపోతుంది, ఎండాకాలంలో మెల్లగా తెచ్చి ఒడ్డున పెడుతుంది. దాన్ని గాలి ఎగరేస్తే పట్టుకునేది ఏదన్నా ఉండాలి. నువ్వు పీకేశావు చూడూ, ఆ తీగ!"

అప్పటినుంచి మా ఆయన నెలనెలా వెళ్లడం మొదలుపెట్టాడు. పొరుగూరి దిబ్బల నుంచి తీగ ముక్కలు అడుక్కొచ్చి, మిర్యాలగూడ మిల్లు నుంచి తెచ్చిన పాత గోనెసంచుల్ని తడిపి అందులో చుట్టి మోసుకెళ్లేవాడు. తాటాకులు వరసగా గుచ్చి దడి కట్టేవాడు. గాలికి లేచిన ఇసుక దడి దగ్గర ఆగి కుప్పపడేది. దడి మునిగితే దాని మీద ఇంకో దడి. తీగ ఆ ఇసుకలోంచి పైకి పాకేది.

చెప్పడానికి ఇంతే. కానీ ఆ కుప్ప ఎక్కడపడితే అక్కడ, ఎలాపడితే అలా లేచేది. ఒకచోట మోకాలెత్తు, ఒకచోట బెత్తెడు. ఈయన చేయి ఊరుకోదు. వంగి అరచేత్తో సరిచేయబోయేవాడు. లోపలి నుంచి "చెయ్యి తియ్యి!" అని అత్తగారి అరుపు వచ్చేది. ఆపరేషన్ నిజంగానే బాగా కుదిరింది. ఈయన చేయి తీసి చంకలో పెట్టుకుని, ఆ వంకర కుప్పను చూస్తూ నిలబడేవాడు. ఆయన పడిన శిక్షల్లో అది పెద్దదని నా నమ్మకం.

మధ్యాహ్నం నేను కట్టిచ్చిన టిఫిన్ బాక్సు దిబ్బ పక్కన కూర్చుని తినేవాడు. గడప తొక్కలేదు. ఎండ మండుతున్నా, వాన పడుతున్నా తొక్కలేదు. అత్తగారు బిందెలో నీళ్లు తెచ్చి గుమ్మం బయట పెట్టేది. తాగి, బిందె బోర్లించి, సాయంత్రం బస్సుకు వచ్చేసేవాడు. ఊళ్లో పనులు వదులుకున్నాడు. మునగాల ధాబాలో ఛాయ్ తాగుతుంటే భిక్షపతి ఊరుకుంటాడా?

"ఏం సత్యానందం, సముద్రానికి గట్టేస్తున్నవంట? నీళ్లు సాలకపోతే చెప్పు, మా బోరు ఇడుస్త."

"గట్టు కాదు భిక్షపతి. తీగ పెడ్తున్న" అన్నాడు ఈయన.

"ఏం కాస్తది?"

ఈయన ఆలోచించాడు. "ఏం కాయది" అన్నాడు.

నాకు మాత్రం ఒళ్లు మండింది. ప్రమీలకు ఫోను చేసి కడిగేశాను. "నిన్ను పెంచిన మనిషి ఎండలో కూర్చుని సద్ది తింటున్నాడు. నీకు మనసు లేదా? గడప నీదైతే ఆయన నీవాడు కాడా?" అన్నాను.

"అన్న మీద కోపం కాదు వదినా" అంది ప్రమీల. "పండుకుంటే సముద్రం మంచం కిందనే ఉన్నట్టుంటది. అన్న మొఖం సూస్తే ఆ రోజు ఇంట్లకి నీళ్లొచ్చిన సప్పుడు యాదికొస్తది. నాకు భయం పోవాలె. పోతలేదు. కిటికీలకెల్లి సూస్తనే ఉన్న వదినా, రోజూ సూస్తనే ఉన్న. తింటుంటె సూసి నేను ఏడుస్త." ఫోను పెట్టేశాను. బడిలో ఆ రోజు పిల్లల్ని ఊరికే తిట్టాను.

తర్వాతి ఏడాదికి దిబ్బ నడుమెత్తు అయింది. ఆ పై ఏడాదికి, నిలబడి చూస్తేనే సముద్రం కనిపించేంత అయింది. ఊదాపూలు కూడా పూశాయట. ఈయన చెప్పలేదు, అత్తగారు ఫోనులో చెప్పింది.

అప్పుడు వచ్చింది అసలు తుఫాను. ఈసారి పేరూ ఊరూ చెప్పి, నేరుగా వాళ్ల మీదికే వస్తోందని టీవీలో మూడు రోజుల ముందు నుంచే ఎర్ర చక్రం తిప్పుతున్నారు. ప్రమీల వాళ్లను మళ్లీ బడికి తరలించారు. ఈయన పోతానని చెప్పులేసుకున్నాడు. మా దగ్గరా కుండపోత, బస్సులు ఆపేశారు. చెప్పులు విప్పకుండానే మంచం మీద కూర్చుని, దుప్పటి ముడతలు అరచేత్తో సాపు చేస్తూ ఉండిపోయాడు. ముడత లేకపోయినా చేశాడు. నేను వద్దనలేదు.

తెల్లవారాక, టీ నీళ్లు పెడుతుంటే ఫోను మోగింది. ప్రమీల. ఆ గడప మాట తర్వాత ఆ పిల్ల ఈయన ఫోనుకు చేయడం అదే మొదటిసారి. ఈయన తీసి స్పీకరు పెట్టి నా చేతికిచ్చాడు. పట్టుకునే ధైర్యం లేదు.

"అన్నా, దిబ్బ పోయింది" అంది ప్రమీల. "సగానికి సగం కోసుకపోయింది. సముద్రం దిక్కు దడులు లేవు, తీగ లేదు."

నేనే అడిగాను. "ఇల్లు?"

"ఇంట్లకెల్లే మాట్లాడుతున్న వదినా. సముద్రం నీళ్లు గుమ్మం దాక రానేలేదు."

నేను పొయ్యి ఆపేశాను. ఎందుకు ఆపానో తెలియదు. ప్రమీల అవతల ముక్కు ఎగబీలుస్తోంది.

"అన్నా, ఉన్నవా? రా. మిగిలినదానికి మళ్ల తీగ పెట్టాలె. బ్లేడు మాత్రం తేకు."

బస్సులు తిరగగానే వెళ్లాం. దిబ్బ ఇంటివైపు సగం వంకరగా, గుబురుగా నిలబడి ఉంది. సముద్రం వైపు నిలువునా తెగి, తీగ వేళ్లు జడల్లా వేలాడుతున్నాయి. ఈయన దాని మీద ఒకసారి చేయి వేసి, తీసేశాడు. ప్రమీల గుమ్మంలో ఉంది. గడప దగ్గర ఈయన కాళ్లు ఆగిపోయాయి.

"ఏం సూస్తున్నవ్? కాళ్లు కడుక్కొని రా, అంతా ఇసుక" అంది. అని, ఆయన కడుక్కునేలోపే చేయి పట్టి లోపలికి లాగింది. ఇసుక ఇల్లంతా అయింది. అన్నాచెల్లెళ్లు ఇద్దరూ ఏడ్చారు. అత్తగారూ నేనూ కూడా ఏడవకుండా మిగల్లేదు. సుధీర్ మాత్రం "పర్వాలేదండీ, పర్వాలేదండీ" అంటూ అందరికీ తువ్వాలు అందించాడు.

నేల మీద కూర్చున్నాం. ప్రమీల స్టీలు గ్లాసుల్లో టీ తెచ్చి అన్న ముందు పెట్టింది. ఆ ముందు గది, వంగిన గది. గ్లాసులో టీ సముద్రం వైపు అంచును తాకుతోంది, ఇటుపక్క వేలి మందం దిగువన ఉంది. నేను చూశాను. ఈయన చూశాడని కూడా చూశాను. నోరు విప్పితే ఇక్కడే చంపేద్దామనుకున్నాను.

ప్రమీల చూపు ఆయన ముఖం మీదే ఉంది. "ఏమైందన్నా?"

ఈయన గ్లాసు చేతిలోకి తీసుకుని గుక్క తాగాడు.

"ఏం లేదు. చక్కెర జర ఎక్కువైంది" అన్నాడు.

నేను నా గ్లాసు ఎత్తి తాగాను. ఏడుపు తొందరలో ఆ పిల్ల చక్కెర వేయనేలేదు.